ఎండుచేపల ఇసుకపై నేను రాసిన నోట్

పదవీ విరమణకు ముందటి ఏడాది నన్ను విశాఖపట్నంలో తీరప్రాంత విధాన సలహాదారుగా వేశారు. గోపాలపట్నంలో అద్దె ఇల్లు తీసుకున్నాను, ఒక్కదాన్నే. సలహాదారుకు ఉత్తర్వుల మీద సంతకం పెట్టే అధికారం ఉండదు. మంత్రి ముందున్న దారులేమిటో, ఏ దారిలో ఎవరికి నష్టమో నోట్‌లో రాసి పెట్టడమే పని.

తీరం వెంట నడకదారి వేయడానికి ఒక మత్స్యకార పల్లెలో పడవలు నిలిపే చోటునూ, చేపలు ఎండబెట్టే ఇసుకనూ ఖాళీ చేయించాలన్న ప్రతిపాదన నాకు వచ్చింది. ఇలాంటి నోట్‌లో ‘ఏమీ మార్చకపోతే’ అన్న దారి కూడా రాయాలి. చాలామంది వదిలేస్తారు. దానికోసం పల్లెకు వెళ్లాను.

ఎండుచేపలు తిరగేస్తున్న నూకాలమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టీ తెప్పించింది. ఆ ఇసుక పోతే వాళ్లకు ఏమవుతుందో అంతా చెప్పాక సూటిగా అడిగింది: “నువ్వు మా పక్కా, ఆళ్ల పక్కా? ఏటి రాత్తావో సెప్పమ్మా.”

“అది చెప్పకూడదమ్మా,” అన్నాను. ఆమె మళ్లీ నా వైపు చూడలేదు.

పడవలనూ ఇసుకనూ వదిలి, నడకదారినే వెనక్కి జరపమని రాశాను. ప్రతిపాదన తయారుచేసిన ఇంజనీరు నా పాత స్నేహితుడు. నోట్ చూశాక మధ్యాహ్నం భోజనానికి ఆఫీసులో నా గదికి రావడం మానేశాడు. క్యారియర్ ఒక్కదాన్నే విప్పుకునేదాన్ని. ఆదివారం చర్చిలో ఎవరైనా ఆ పల్లె సంగతి ఎత్తితే ఎండల గురించి మాట్లాడి బయటపడేదాన్ని.

మంత్రి సగమే ఒప్పుకున్నారు. పడవలు ఉంటాయి, ఇసుక పోతుంది. ఆ ఉత్తర్వు ముసాయిదా రాయాల్సింది నేనే. రాశాను. ఒక వేట సీజను గడిచాక నష్టం చూసి ఉత్తర్వును మార్చవచ్చన్న షరతు చేర్చి, ఎందుకో ఆయనకు వివరించాను. దాన్ని ఉంచారు.

పల్లెలో ఉత్తర్వు చదివి వినిపించినప్పుడు పడవలవాళ్లు చప్పట్లు కొట్టారు. నూకాలమ్మ నేరుగా నా ఎదుటికి వచ్చింది.

“నీకేటి సెప్పాను, నువ్వేటి రాసావ్? మమ్మల్ని ముంచీసావ్ కదే!”

నేను రాసింది వేరని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. కారెక్కి వచ్చేశాను.

నేను రిటైరయ్యాక ఆ షరతు ప్రకారం సమీక్ష జరిగింది. ఇసుకలో కొంత భాగం తిరిగి ఇచ్చారని పేపర్లో చదివాను. ఆ షరతు ఎవరు రాశారో వార్తలో లేదు కాబట్టి, నూకాలమ్మకు నా మీద కోపం తగ్గే కారణమూ లేదు. ఆ మంత్రి ఇప్పుడు పదవిలో లేరు, ఫైలు మూసేశారు, కాబట్టే ఇది రాస్తున్నాను.

సలహాదారు వాదించాల్సింది నిర్ణయానికి ముందు, మంత్రి గదిలో. బయటికొచ్చి ‘నేనలా రాయలేదు’ అంటే ఆ తర్వాత ఏ మంత్రీ మనసు విప్పి అడగరు. అప్పుడు ఆ ఇసుక గురించి లోపల చెప్పేవారే ఉండరు.