జానయ్య నడుము, నా కాలు

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అంటే అమ్మ కడుపులోంచి తలకు బదులు కాళ్లు ముందు వచ్చాయి. అలా పుట్టినవాళ్లు తన్నితే నడుము పట్టు వదులుతుందని మా గరిడేపల్లిలో అందరికీ నమ్మకం. ఎవరికి పట్టేసినా మా వాకిట్లో బోర్లా పడుకునేవారు. మూడు తన్నులు తన్ని, పెద్ద వైద్యురాలినైనట్టు మిడిసిపడేదాన్ని.

అందరికంటే ఎక్కువ తన్నులు తిన్నది మా అన్న జానయ్యే. కూలికి పోయి వరిమోపు ఎత్తిన ప్రతిసారీ నడుము పట్టుకుని వచ్చేవాడు. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు కోతల్లో నొప్పి ఓర్చుకోలేక, "సరోజనా, జర గట్టిగ తన్నవే" అన్నాడు. బలమంతా పెట్టి తన్నాను. అయ్యో దేవుడా, ఆ అరుపు! అన్న ఎడమకాలు చచ్చుబడిపోయింది.

బండిలో కోదాడకు, అక్కడినుంచి బస్సులో బెజవాడ దవాఖానకు చేర్చాం. ఎక్స్‌రే తీసి డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"పుట్టుకతోనే వెన్నుపూస ఒకటి సరిగా కట్టుకోలేదమ్మా. అది జారి నరాన్ని నొక్కేస్తోంది. కాలి ఎముక ముక్క తీసి అక్కడ అతుకు పెట్టాలి. కాలు తిరిగొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇలాంటి నడుముకి దెబ్బ తగిలితే కాలు పడిపోతుంది. దెబ్బేమైనా తగిలిందా?"

"లేదయ్యా" అన్నాను. నా నోరు పడిపోను, అబద్ధమాడాను.

ఆపరేషన్ చేసి రొమ్ము నుంచి తొడదాకా పిండికట్టు వేశారు. పదోరోజుకీ కాలు కదల్లేదు. మా అమ్మ నర్సమ్మ ఊరినుంచి వస్తూనే, "ఆనాడు తన్ను సాలలేదే. కట్టు మీదనే ఇంకోసారి తన్ను" అంది. అన్న కూడా చేతులు జోడించాడు. "నీ కాల్మొక్త, ఒక్కటి తన్ను."

"తన్నను."

"నేను గిట్లనే సావాల్నా?" అన్నాడు అన్న.

అమ్మ నా చీలమండ పట్టుకుని మంచం వైపు లాగింది. విడిపించుకుని, కాళ్లు మడిచి కింద కూర్చున్నాను. తిట్టీ తిట్టీ అలసిపోయి అమ్మ గంజికి వెళ్లింది. అప్పుడు అన్న చెవిలో చెప్పాను.

"నీ నడుము పుట్టుకతోనే గట్లుందట అన్నా. దెబ్బ తగిల్తె కాలు పడిపోతదట. ఆ దెబ్బ నాదే."

అన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. గంజి తాగించినా, ఒళ్లు తుడిచినా, ఒక్క మాట లేదు. ఇరవయ్యో రోజున బొటనవేలు కదిలింది. డాక్టరును పిలవమని అమ్మకు చెప్పాడుగాని, పక్కనే ఉన్న నాకు చెప్పలేదు. ఆ సంతోషంలోనూ నా ప్రాణం ఉసూరుమంది.

మూడు నెలలకు కట్టు కోశారు. అన్నను లేపి నిలబెట్టారు. ఎడమకాలు వణికింది. అమ్మ ఒక పక్కకు రాబోతే వద్దని, నా భుజం మీద చెయ్యి వేశాడు. బరువంతా నా మీద మోపి రెండడుగులు వేశాక, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"అమ్మకు సెప్పకే."