బాపు నేసిన తెల్ల అంగీ

మా బాపు మంచివాడే కానీ ఆయన అలక మహా గట్టిది. అలిగాడంటే ఇంట్లో గిన్నెలు కూడా చప్పుడు చేయకూడదు. ఆ అలక ఒకసారి ఏకంగా మా చర్చి ఫాదర్ మీదికి మళ్లింది. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి, సర్దిచెప్పాల్సింది పోయి నేనూ బాపు పక్కనే నిలబడ్డాను.

ఫాదర్ జగిత్యాలలోని మఠంలో ఇంకో ఇద్దరు గురువులతో కలిసి ఉండేవారు. ఆదివారం పొద్దున కోరుట్లలో పూజ చేసి, సాయంత్రానికి బస్సులో సిరిసిల్ల వచ్చి మా రేకుల గుడిలో పూజ చేసేవారు. వేములవాడలో రాజన్న మొక్కు తీర్చుకున్న ముసలివాళ్లు ఎక్కితే లేచి సీటు ఇచ్చేసి, మిగతా దారంతా నిలబడే వచ్చేవారు. పుట్టింది ఎక్కడో కేరళలో. తెలుగు నేర్చుకున్నది మాత్రం మా దగ్గరే, అందుకే మా యాసే అబ్బింది. ప్రసంగం పుస్తకాల తెలుగులో మొదలుపెట్టేవారు. కాసేపటికే "గట్ల గాదు, ఇనుండ్రి" అని మాలో కలిసిపోయేవారు.

అమ్మ పోయాక బాపు మాట్లాడటమే మానేశాడు. పక్క వీధిలో కాపురం ఉంటున్న నాతోనూ ముక్తసరి మాటలే. అప్పటి నుంచి ఫాదర్ పూజకు ముందు తప్పకుండా ఆయన దగ్గరికి వచ్చేవారు. దేవుడి మాటలేవీ ఎత్తేవారు కాదు. "ఏం వండినవ్ అన్నా?" అని అడిగి, ఉన్నదేదో ఇద్దరూ పంచుకుని తినేవారు. వానల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ చెప్పుకునేవారు. కొన్నాళ్లకు బాపు ఆదివారం మధ్యాహ్నమే గడ్డం గీసుకుని, వాకిట్లోకి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు. నా ప్రాణం కుదుటపడింది.

బాపు బతుకంతా సాంచాల మీదే గడిచింది. మరమగ్గాలను మేము సాంచాలంటాం. చూపు మందగించి పని మానేసే ముందు, సాంచాల ఆసామిని బతిమాలి తెల్ల నూలుతో ఒక బట్ట నేసుకున్నాడు. అదే ఆయన నేసిన ఆఖరి బట్ట. తెచ్చి నా కుట్టు మిషన్ మీద పెట్టి, "ఫాదర్ కు అంగీ కుట్టు బిడ్డా" అన్నాడు. నేను జాకెట్లు కుట్టేదాన్ని, గురువులు తొడుక్కునే పొడుగు అంగీ ఎప్పుడూ కుట్టి ఎరగను. కొలతలు అడిగితే ఫాదర్ వద్దంటారని, ఉతికి ఇస్తానని ఆయన పాత అంగీ తెచ్చుకుని కొలిచాను. మెడపట్టీ ఎంతకూ కుదరక ఎన్నిసార్లు విప్పానో!

అంగీ చేతికిచ్చినప్పుడు ఫాదర్ బట్టను నిమురుతూ చాలాసేపు నిలబడిపోయారు. ఆ సాయంత్రమే తొడుక్కున్నారు. బాపు ఆ రోజు పూజ ఎంత విన్నాడో తెలియదు కానీ, కళ్లు మాత్రం అంగీ మీదే ఉన్నాయి.

కొన్ని వారాలకు కోరుట్లలో పండుగ జరిగితే అందరం వెళ్లాం. మఠానికి కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్ ఊరేగింపులో ముందు నడుస్తున్నారు. నా మెడపట్టీ నాకు తెలియదా! మా అంగీ ఆయన ఒంటి మీద ఉంది. వెనకాల మా ఫాదర్ అదే పాత అతుకుల అంగీలో నడుస్తున్నారు.

బాపు నా చెయ్యి పట్టుకుని, "గా అంగీ మనదేనా?" అని అడిగాడు.

"మనదే" అన్నాను.

పండుగ భోజనం కూడా చేయకుండా బస్టాండుకు నడిచాడు. ఆ వారం నుంచి గుడికి రావడం బంద్. ఫాదర్ ఇంటికొస్తే తలుపు తీయలేదు. మఠంలో ఎవరికీ సొంత వస్తువులుండవని, ఇచ్చిందల్లా అందరిదీ అవుతుందని గుడి పెద్దలు వచ్చి నచ్చజెప్పారు. ఆ సంగతి మాకూ తెలుసు, ప్రసంగాల్లో ఎన్నిసార్లు వినలేదు! మా బట్టకు కూడా అదే వర్తిస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"ఆయనకిచ్చిన. మందికియ్యలే" అన్నాడు బాపు. మళ్లీ అమ్మ పోయిననాటిలాగే మూగబోయాడు. పళ్లెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది. నాకు భయం పట్టుకుంది.

ఇక ఉండబట్టలేక జగిత్యాల బస్సెక్కాను. ఫాదర్ మఠం వంటింట్లో గిన్నెలు తోముతున్నారు. నోటికొచ్చినట్టు ఆయన్ని కడిగేశాను. ఆయన చేతులు తుడుచుకుని, "నడువు బిడ్డా" అని నాతోపాటే బయల్దేరారు.

నాతో వచ్చారు కాబట్టి ఈసారి తలుపు తెరుచుకుంది. బాపు మాత్రం మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫాదర్ కింద కూర్చున్నారు.

"కోపమా అన్నా?"

"నాకేంది కోపం? మీకు అందరొక్కటే. నేనే పిచ్చోన్ని, నా మనిషి అనుకున్న."

ఫాదర్ తల దించుకున్నారు. "కొత్త ఫాదర్ కు అంగీ లేదని ఇచ్చిన అంటే అబద్ధమైతది. ఆయనకున్నయి. నాకే దాన్ని ఇడువబుద్ధి గాలేదు. పొద్దున లేస్తనే దాన్నే చూసుకునుడు, మడత వెట్టుకునుడు. ఇంకొకలు ముట్టుకుంటే పానం గుంజింది. నాది అనేది ఏదీ ఉంచుకోనని దేవునికి మాటిచ్చినోన్ని. ఇన్నేండ్లల్ల దేని మీదా గట్ల గాలే. భయమైంది, ఇచ్చేసిన. ఇచ్చినంక ఏడ్చిన గూడ."

మఠంలో నేనన్న మాటలకు నాకే సిగ్గేసింది. బాపు మెల్లగా ఇటు తిరిగాడు. మసక కళ్లతోనే ఫాదర్ ముఖంలోకి చూశాడు.

"గంత మంచిగ నేసిన్నా ఫాదర్?"

ఫాదర్ అవునన్నట్టు తల ఊపారు. బాపు లేచి కూర్చుని, కొంచెం జరిగి, మంచం మీద ఆయనకు చోటిచ్చాడు.