నా కోపం, మేనల్లుడి జడలు

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివి మీరు నవ్వితే నాకేమీ అభ్యంతరం లేదు. ఆళ్ళగడ్డలో నన్ను చూసి నవ్వనివాళ్ళు ఎవరూ మిగల్లేదు గనక మీరొక్కరు బిగబట్టుకుని ప్రయోజనం లేదు. కానీ ఇందులో ఒక చావు ఉంది, సగం గీసిన గుండు ఉంది, నలుగురి ముందూ నేను చేతులారా తెచ్చుకున్న అప్రతిష్ఠ ఉంది. కాబట్టి నవ్వేటప్పుడు కొంచెం చూసి నవ్వండి.

నా పేరు ఓబులేసు. ఆళ్ళగడ్డలో కిరాణా అంగడి. మా పద్మక్కను నంద్యాలలో ఇచ్చాం. బావ బేతంచెర్ల నుంచి పాలిష్ బండలు తెప్పించి అమ్ముతాడు. బండలమ్మేవాడి మనసు మెత్తగా ఎట్లా ఉంటుందని ఒకప్పుడు అందరితో అనేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు. ఇద్దరిలో బండ ఎవరో తర్వాత తేలింది.

అక్కకు తొలిబిడ్డ పుట్టిన వారానికే పోయాడు. ఆ ఏడాదంతా అక్క ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, లేకుంటే గోడకేసి చూస్తూ కూర్చునేది. చూడలేక నేనే ఆమెను అహోబిలం తీసుకుపోయి, స్వామి ముందు నిలబడి, పక్కవాళ్ళకు కూడా వినబడేటట్టు మొక్కాను.

"సామీ, ఈతూరి బిడ్డ నిలిస్తే నా ఒళ్ళో కూర్చోబెట్టుకోని నీకు తలనీలాలిస్తా. అంతవరకూ కత్తెర తగలనీము."

చూశారు గదా, మొక్కింది నేను. మా వైపు పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్ళోనే తీయాలి. దేవుడికి ఇచ్చేదాకా ఆ వెంట్రుకలు దేవుడి సొత్తు. ముందే కత్తెర పెడితే బిడ్డకు గండమంటారు. ఒక బిడ్డను మట్టికిచ్చిన తల్లి ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకుంటుందో వేరే చెప్పక్కరలేదు.

రెండోవాడు నిలిచాడు. స్వామి పేరే పెట్టారు. నర్సిమ్ముడని పిలుపు. ఆ పేరు పెట్టిన రోజునే నా బుద్ధి గడ్డి తిన్నది.

భోజనాల వేళ మేనమామ హోదాలో మొదటి బంతిలో కూర్చున్నాను. విస్తట్లో పప్పు పడింది, నెయ్యి పడింది, ముద్ద కలిపాను. బావ వచ్చి నా భుజం తట్టాడు.

"ఓబులేసూ, నువ్వు ఇంట్లో మనిషివే గదప్పా. లేచి రెండో బంతికి రా. బేతంచెర్లోళ్ళు బేగా పోవల్లంట, లారీలు నిలబడుకోనుండాయి."

కలిపిన ముద్దను విస్తట్లోనే వదిలి లేచాను.

"యాడికి పోతాండావ్? ఈడే ఉండు, పది నిమిషాలు" అన్నాడు బావ.

"నీ బండలోళ్ళనే కూర్చోబెట్టుకో! మళ్ళా నీ గడప తొక్కితే నేను మా నాయనకు పుట్టలేదనుకో!"

పప్పు చేత్తోనే బస్సెక్కాను. ఆళ్ళగడ్డ దాకా ఆ చెయ్యి కడుక్కోలేదు, కడిగితే పౌరుషం కారిపోతుందేమోనని. కండక్టరు నా చేతి వంక చూసి, చిల్లర తానే నా జేబులో వేశాడు.

మా సీమలో పొలం గట్టు కోసం పంతం పట్టినవాళ్ళను చూశాను, బావి నీళ్ళ కోసం పట్టినవాళ్ళను చూశాను. పప్పన్నం కోసం పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. బావ నన్ను ఇంటిమనిషి అనుకున్నందుకే లేపాడని తెలియడానికి ఒక మనిషికి ఎన్నేళ్ళు పడుతుంది? తెలివైనవాడికి రెండో బంతి వడ్డించేలోపల తెలుస్తుంది. నా సంగతి వేరు.

పిల్లవాడికి మూడో ఏడు వచ్చింది. పుట్టువెంట్రుకలు బేసి ఏడులోనే తీయాలి. అక్క కబురు పంపింది. కబురు మోసింది మా అమ్మ. నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మధ్య బస్సులో తిరిగి తిరిగి, డ్రైవర్లందరికీ ఆమె పేరుతో సహా తెలిసిపోయింది.

"బావను వచ్చి పిలవమను" అన్నాను.

అమ్మ మళ్ళీ బస్సెక్కి పోయి, సాయంత్రానికి జవాబు తెచ్చింది. "పిలిస్తేగానీ రాకపోయేదానికి ఆయప్పేమన్నా కలెక్టరా అంటాండాడు."

అట్లా మూడో ఏడు పోయింది. అయిదో ఏట బావ కొంచెం మెత్తబడి ఒకరోజు ఫోన్ చేశాడు. తెర మీద పేరు చూసి నాకు లోపల సంతోషమే. కానీ మొదటి పిలుపుకే ఎత్తితే చులకనైపోతానని మోగనిచ్చాను. రెండోసారి చేస్తాడు, అప్పుడు ఎత్తుదామని ఫోన్ తక్కెడ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నేను తిరిగి చేస్తానని ఆయన కూర్చున్నాడు. ఒక్క మిస్డ్ కాల్ మీద ఇద్దరం రెండేళ్ళు కూర్చున్నాం.

మా అంగడి పక్కింట్లో ఉండే దేవదానం సార్ బడిపంతులు, ప్రతి ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. ఒకనాడు ఉప్పు కొనేదానికి వచ్చి అడిగాడు.

"మా ఇండ్లలో ఈ వెంట్రుకల మొక్కులు లేవులే గానీ, నాకు తెలీక అడుగుతాండా ఓబులేసూ. కోపం నీది గదా. మరి జడ ఆ పిల్లోనికి ఎందుకు పెరుగుతాండాది?"

"మీకు తెలీదులే సార్. ఇది మర్యాదకు సంబంధించింది" అన్నాను గంభీరంగా.

ఆయన ఉప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేవాళ్ళను లోకం చూసింది. రెండో బంతికీ పసివాడి జడకూ ముడిపెట్టినవాణ్ణి ఆయన అప్పుడే చూశాడు. చెరువు మీద అలిగినవాడు తన ఒళ్ళే కంపు చేసుకుంటాడు. నేను అంతకన్నా తెలివైనవాణ్ణి, అలిగి మేనల్లుడి తలకు పేలు పట్టించాను.

అమ్మ నంద్యాల నుంచి వచ్చినప్పుడల్లా ఆ జడ సంగతే చెప్పేది. భుజాల దాకా వచ్చిందనేది. వీపు సగం దాకా వచ్చిందనేది. ఎండాకాలం మెడంతా చెమటకాయలనేది. చివరిసారి వచ్చినప్పుడు బాగా ఆయాసపడుతూ అంగట్లో బియ్యం మూట మీద కూర్చుంది.

"నడుం దాకా వచ్చిందిరా. బళ్ళో పిల్లోళ్ళు జడ పట్టి గుంజుతాండారంట. బడికి పోనని ఏడుస్తాండాడు. ఆ గుండు నా కండ్లతో చూసి పోతానో లేదోనని దిగులుగా ఉందిరా నాకు."

"చూస్తావులేమ్మా. బావను ఒక్క మాట పిలవమను."

"నేను పిలుస్తాండా గదరా. నేను చాలనా?"

ఎవరూ అడగకపోయినా చక్కెర తూచి పొట్లాలు కట్టడం మొదలుపెట్టాను. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. నవ్వుల కథలో ఇదేమిటంటారా? ముందే చెప్పాను గదా, చూసి నవ్వమని.

ఆ శ్రావణంలోనే ఒక తెల్లవారుజామున అమ్మ పోయింది.

పొద్దెక్కేసరికి ఇల్లు జనంతో నిండింది. అక్క నంద్యాల నుంచి వచ్చి అమ్మ మీద పడి ఏడ్చింది. నా వైపు చూడలేదు. బావ వాకిలి బయటే నిలబడ్డాడు. నేను మాత్రం ఆ ఏడుపులోనే దొంగచూపులతో మేనల్లుడి కోసం వెతికాను. జడల సంగతి అమ్మ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నా, నా బుర్రలో నర్సిమ్ముడు తొట్లెలో బోసినోటితో నవ్వుతున్నవాడే. అట్లాంటివాడు యాడా కనబడలేదు. ఎవరో బంధువుల పాప, ప్యాంటు చొక్కా వేసుకుని రెండు జడలతో అటూ ఇటూ తిరుగుతోంది.

కొడుకును గనక నాకు గుండు చేయాలి. మా వీధిలో సెలూన్ పెట్టుకున్న వెంకటేశు వచ్చి పెరట్లో పీట వేశాడు. కూర్చున్నాను. ఆ పాప వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"పాపా, ఆ నీళ్ళ చెంబు ఇట్లియ్యి" అన్నాను. ఇచ్చింది. వెంకటేశు తల తడిపి, కత్తి పెట్టి, కుడివైపు గీయడం మొదలుపెట్టాడు. పాప కాసేపు చూసి అడిగింది.

"మీ మామ యాడ?"

"నాకెందుకు మామ?"

"మామ ఒళ్ళో కూర్చుంటేనే గదా వెంట్రుకలు తీసేది? మామ లేకుండా తీస్తే సామికి కోపమొస్తాదంట."

వెంకటేశు కిసుక్కున నవ్వబోయి, చావిల్లని గుర్తొచ్చి దగ్గాడు.

"అది చిన్నపిల్లోళ్ళకు లే పాపా. నీకెవరు చెప్పినారు?"

"మా అమ్మ. నేను పాపను గాదు, పిల్లోణ్ణి. మా మామ ఇంకా రాలేదు, అందుకే జడలు."

"ఎందుకు రాలేదంట?"

"అన్నం కాడ అలిగినాడంట."

వెంకటేశు కత్తి నా నడినెత్తి మీద ఆగిపోయింది. పిల్లవాడు ఇంకొక మాట కూడా అన్నాడు. "పెద్దోడేనంట. అయినా అలిగినాడంట."

అంతవరకు జరిగింది మూర్ఖత్వం. ఉపద్రవం ఇప్పుడు మొదలైంది. నాకు తలలో ఒకటే ఆలోచన మెరిసింది. అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది, ఇంకా ఎత్తలేదు. ఆ గుండు కళ్ళతో చూడాలంది గదా! సగం గుండుతో లేచి, పిల్లవాణ్ణి ఎత్తి, ఒళ్ళో వేసుకుని మళ్ళీ పీట మీద కూలబడ్డాను.

"వెంకటేశూ! వీనికి తీయి! బేగా! మేనమామను నేనే!"

"అన్నా, నీకేమైనా అయిందా? ఇది సావు క్షవరం చేసే కత్తి!" వెంకటేశు రెండడుగులు వెనక్కు వేశాడు.

"అయితే కత్తెర తీయి! అమ్మ చూడల్ల! తీయంటే తీయవేం?"

పిల్లవాడు రెండు జడలూ రెండు చేతులతో పట్టుకుని ఊరంతా వినబడేటట్టు కేక పెట్టాడు. ఆ కేకకు లోపలి ఏడుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అక్క వెంట్రుకలు విరబోసుకుని పెరట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"రేయ్! సావింట్లో నా బిడ్డకు వెంట్రుకలు తీపిస్తావా? ఒకణ్ణి పోగొట్టుకున్నది చాల్లేదారా నాకు?"

"అక్కా, అమ్మ చూడల్లనింది..."

"అమ్మ బతికుండంగా ఏం చేస్తాంటివి రా!"

వెనకాలే బావ వచ్చాడు. ఏళ్ళ తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట, "ఓబులేసూ, బిడ్డను దించు."

"నువ్వు పిలవకపోతివే బావా!" అన్నాను. అప్పుడు కూడా అన్నాను, నమ్మండి. సగం గుండుతో, ముక్కు కారుతూ, అమ్మ శవం ఇంట్లో ఉండగా.

"ఇప్పుడు పిలుస్తాండా! దించప్పా సామీ!"

దించాను. పీట మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను. పరామర్శకు వచ్చినవాళ్ళలో సగం మంది నాతో ఏడ్చారు, తక్కిన సగం గోడవైపు తిరిగి భుజాలు కదిలించారు. అది ఏడుపు కాదని నాకు తెలుసు. చివరికి వెంకటేశు మెల్లిగా దగ్గరికొచ్చి, "అన్నా, మిగిలిన సగం గీసుకోనీ. ఇట్లే పోతే బాగుండదు" అన్నాడు.

కర్మలన్నీ అయ్యాక, బావా నేనూ పక్కపక్కన కూర్చుని అయ్యవారిని ముహూర్తం అడిగాం. ఇద్దరం ఎంత బుద్ధిగా కూర్చున్నామంటే, ఆయనకే అనుమానం వచ్చింది.

"తల్లి పోయింది గదప్పా, ఏడాది దాకా నువ్వు శుభకార్యానికి పనికిరావు."

"ఏడాది కాంగానే పెట్టుకుందాం సామీ."

"పిల్లోనికిప్పుడు ఏడో ఏడు గదా. అప్పటికి ఎనిమిది నడుస్తా ఉంటాది. సరి ఏడు, పనికిరాదు. తొమ్మిదిలో చూద్దాంలే."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. నా గోరు మీద అయితే ఆ రోకలి మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంది. అక్క ఆ రోజు నాతో ఒక్క మాటే అన్నది. "మొక్కింది నువ్వే గదా. అంతవరకు ఆ జడలు నువ్వే చూసుకో."

అప్పటినుంచి ఆదివారం వస్తే అంగడి మూసి, ఆముదం సీసా, ఈరుదువ్వెన పట్టుకుని నంద్యాల బస్సు ఎక్కేవాణ్ణి. పేలు చూడటం నేర్చుకున్నాను, జడ అల్లడం నేర్చుకున్నాను. "మామా, గట్టిగా గుంజొద్దు" అని వాడు తిడుతుంటే, బావ బండల మీద కూర్చుని చూసి నవ్వేవాడు. నవ్వనీ అనుకున్నాను. ఆ నవ్వులు పడవలసిన తల నాదే.

పోయినేడు అహోబిలంలో మొక్కు తీరింది. తొమ్మిదో ఏటి పిల్లవాడు మేనమామ ఒళ్ళో పట్టడు. వాడి కాళ్ళు నేలమీద ఆనుతున్నాయి, తల నా గడ్డానికి తగులుతోంది. మొదటి కత్తెర నేనే వేశాను. జడ నా చేతిలోకి వచ్చింది. చిన్నప్రాణానికి ఇంత బరువా అనిపించింది. నున్నటి తల తడుముకుని వాడు పకపకా నవ్వాడు. అమ్మ చూడవలసిన గుండు అది. చూస్తానని ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నిసార్లు బస్సెక్కిందో. చూడకుండానే పోయింది, నావల్ల. నా కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"కాళ్ళు తిమ్మిరెక్కినాయా?" అన్నాడు బావ.

"అవును బావా" అన్నాను.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, కోపానికి పెట్టింది పేరైన ఆ నరసింహస్వామి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాకు కోపమొస్తే నా తలమీదే వెంట్రుకలు పెంచుకుంటాను గానీ, ఇంకొకరి తలమీద పెంచను. అయితే అమ్మకిచ్చిన వెంట్రుకలు నడినెత్తిన మళ్ళీ సరిగా మొలవలేదు. అందుకని ప్రస్తుతానికి కోపమే మానుకున్నాను.