కొలిమికి అడ్డం పెట్టిన ఇటుక

సార్ పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. సార్ భార్య చేశారు. "అట్లనా అమ్మా" అన్నాను. ఫోన్ పెట్టేసి, పిండిన బట్టలు దండెం మీద ఆరేశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

గన్‌ఫౌండ్రీ బస్తీలో ఒక పైఅంతస్తు గదిలో సార్ వంటగ్యాస్ లీకైతే మోగే అలారాలు చేసేవారు. వాటిలో పెట్టే తగరపు ఆక్సైడ్ బిళ్లలను కొలిమిలో కాల్చడం నా పని. నాది ఊరిబడి చదువు. సార్ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. సిగరెట్ ముట్టని మనిషి, జేబులో మాత్రం ఎప్పుడూ లైటర్. వెలిగించకుండా దాని గ్యాస్ వదిలి ప్రతి అలారాన్నీ మోగించి చూసేవారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కోసం వంగితే ఆ లైటర్ జారిపడేది.

ఒకసారి నేను కొలిమి గాలి రంధ్రానికి ఇటుక అడ్డం పెట్టాను. మా ఊరి కుమ్మరి కుండలు కాల్చే ఆవాన్ని మూసే కాలుస్తాడు, వేడి పోకూడదని. అదే బుద్ధి. ఆ బిళ్లలతో చేసిన రెండు అలారాలు నాంపల్లిలో ఒక మెస్సు వంటింట్లో బిగించాం. వాళ్ల తొందరకు సార్ ఆ ఒక్కరోజు లైటర్ తీయలేదు. మర్నాడు మిగిలిన బిళ్లకు మీటరు పెట్టి ఆగిపోయారు.

"బిళ్లలో ఆక్సిజన్ సరిగా ఉంటే కరెంటును పట్టి ఉంచుతుందోయ్. గ్యాస్ తగిలితేనే వదులుతుంది. ఆ తేడాకే అలారం మోగేది. కొలిమిలో గాలి అందక ఇది ముందే వదిలేసి కూర్చుంది. ఇంక గ్యాస్ వచ్చినా దీనికేం తెలుస్తుంది?"

అంత ఓపికగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. లేచి వెళ్లి ఇటుక తీసి పక్కన పెట్టారు. ఎవరు పెట్టారని అడగలేదు. ఆ గదిలో ఉండేది మేమిద్దరమే.

ఎండలో నాంపల్లికి నడిచాం. వంటాయన నవ్వాడు.

"ఏంది సార్, నిన్న పెట్టిన్రు, ఇయ్యాల పీకుతున్రు? జర కూయనియ్యిన్రి, ఎట్ల కూస్తదో విందాం!"

"కూయదయ్యా. అందుకే వచ్చాం. తప్పు నాది" అన్నారు సార్.

నేను స్టూలు మీద నిలబడి స్క్రూలు విప్పుతున్నాను. ఇటుక పెట్టింది నేనేనని రేపు చెబుదాం అనుకున్నాను. ఆ తరువాత చాలా ఏళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. కొలిమి వెలిగించే ముందు "గాలి ఆడనీ" అనేవారు, అంతే.

చదివేవారికి ఇది చిన్న సంగతే కావచ్చు.

పదోరోజు సార్ ఇంటికి వెళ్లి ఆయన భార్యతో చెప్పాను. "అమ్మా, గా ఇటుక పెట్టింది నేను." ఆమెకు అర్థం కాలేదు. మొదటినుంచి మొత్తం చెప్పాను. చివరిదాకా విన్నారు.

"ఆయనతో చెప్పాల్సింది, అన్నయ్యగారూ" అన్నారు. కోపంగా కాదు.

"ఔనమ్మా."

కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లారు. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. కాఫీ మీద మీగడ కట్టింది. ఊదితే ముడతపడి, మళ్లీ పరుచుకుంది.