అయిదో మెట్టు దగ్గర పెన్సిలు

బచేలి ఇనప గనుల కాలనీలో నేను నిజం చెప్పినా కోతలే అంటారు. దీన్నీ కోతే అనుకుంటే నాకింకా సుఖం.

పక్క క్వార్టర్లో ఉండే నా స్నేహితుడికి మొన్న వేసవిలో పక్షవాతం వచ్చింది. ఎడమ పక్కంతా పడిపోయింది, మాట కూడా పోయింది. గణపతి పందిళ్ళలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించి కొండ మీది కోతుల్ని కాలనీలోకి దింపిన మనిషి. విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళే ముందు రోజు, కుడి చేత్తో గోడనున్న గిటార్ని చూపించాడు, తర్వాత ఆరేళ్ళ కూతుర్ని చూపించాడు.

"దాని చేత మోగించమంటున్నారు అన్నయ్యా," అంది వాళ్ళావిడ. "ఒక్కసారి విని వెళ్తారట."

పిల్ల చెయ్యి చాపితే గిటార్ మెడ సగానికి కూడా రాలేదు. ఎదురింటి హిందీ వడ్రంగి రంపంతోనే వచ్చేశాడు.

"ఇంత ముక్క కాట్ చేసేస్తే బస్, సార్!"

"ముందు నీ మెడ కోసి చూద్దాం, గొంతు పలుకుతుందేమో," అని పంపేశాను.

"ఎందుకింత పొడుగు మావయ్యా?" అంది పిల్ల.

"మీ నాన్న ఓ పక్క, కొండ మీది ఎలుగుబంటి ఓ పక్క పట్టుకుని లాక్కున్నారే. అప్పుడు సాగింది."

"అయితే వెనక్కి తొయ్యి."

ఒక రకంగా తోశాను. మెడ మీది అడ్డ కమ్మీల్లో అయిదోది, అంటే అయిదో మెట్టు దగ్గర తీగల మీద పెన్సిలు అడ్డంగా పెట్టి రబ్బరు బ్యాండ్లతో బిగించాను. ఇక మెడ అక్కణ్ణుంచే మొదలు, మెట్లూ దగ్గర దగ్గర. కానీ మోగిస్తే కీచుగా పలికింది. మంచం మీద దిండ్లకి ఆనుకున్న స్నేహితుడు కుడి చెయ్యి కిందికి, ఇంకా కిందికి అన్నట్టు ఊపాడు. పాత శ్రుతి వచ్చేదాకా తీగలన్నీ వదులు చేశాను. ఆ వదులుకి అవి పిల్ల వేళ్ళ కింద మెత్తబడ్డాయి కూడా.

బరువే మిగిలింది. ఒళ్ళో పెట్టుకుంటే పిల్ల ఒరిగిపోతోంది. వాళ్ళమ్మ పిల్లని మంచం మీద తండ్రికి ఎదురుగా కూర్చోబెట్టి, గిటార్ని వాడి ఎడమ తొడ మీద ఆనించింది.

"నాన్నకి బరువు కాదా?"

"ఆ పక్క తెలీదమ్మా."

గిటార్ జారకుండా నేను కింద ఓ దిండు సర్దాను.

వాడు రోజూ మొదట వాయించే చిన్న ముక్కే పిల్ల తీగల మీద వెతుక్కుంటూ మొదలుపెట్టింది. రెండు స్వరాలయ్యాక వాడి కుడి చెయ్యి మెల్లగా జరిగి, గిటార్ మెడ చివర తీగ బిగించే ఒక బిరడాని పట్టుకుని వెంట్రుకవాసి తిప్పింది. పిల్ల మళ్ళీ మోగించింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. ముక్క అయిపోయినా తెరవలేదు. నిద్రేమోనని వాళ్ళావిడ వంగి చూసింది. నిద్ర కాదు, కన్నీళ్ళు ఆపుకుంటున్నాడు.

విశాఖ నుంచి ఫోనే వచ్చింది, మనిషి తిరిగి రాలేదు.

ఇప్పుడు వానలు. తీగల శ్రుతి రోజురోజుకీ దిగిపోతోంది. సరిచేద్దామని బిరడా మీద చెయ్యి వేస్తే పిల్ల నా మణికట్టు పట్టేసుకుంది.

"అది నాన్న తిప్పాడు."

"ఆ ఒక్కటే కదే. మిగతావైనా..."

"వద్దు."

శ్రుతి తప్పిందని దానికి తెలుసు. చెవి తండ్రిదే. ఆ ముక్క మొదలుపెడుతుంది, రెండో స్వరం దగ్గర ఆగి వింటుంది, గిటార్ని పక్కన పెట్టేస్తుంది. మళ్ళీ సాయంత్రం తీస్తుంది. ఎవర్నీ బిరడాలు ముట్టనివ్వదు.