జీపు పంకా, బాయిలర్ మావ

ఆ రోజుల్లో మా ఖరగ్‌పూర్‌లో పట్టాల మీద నడవని బండిని బండిగా లెక్కపెట్టేవారు కాదు. సైకిలంటే సరే, అది కాళ్ళకి చేదోడు. కానీ మోటారుకేముంది? గార్డు లేడు, జెండా లేదు, సిగ్నలు లేదు. ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంది, ఎటు పడితే అటు తిరుగుతుంది. మా పెద్దవాళ్ళ దృష్టిలో అది శీలం లేని వాహనం. అలాంటి వాహనానికి నేను డ్రైవర్ని. ఎనిమిదో తరగతిలో చదువూ నేనూ సామరస్యంగా విడిపోయాక (“నువ్వు రావద్దు” అని మాస్టారన్నారు, “రాను” అని నేనన్నాను, ఇంతకంటే ఏం కావాలి?) నాన్న నన్ను రైల్వే వర్కుషాపులో ఏదో ఒక మూల ఇరికించాలని తెగ తిరిగారు. నేను ఏ మూలలోనూ ఇమడలేదు. చివరికి ఒక కలప కంట్రాక్టరు దగ్గర జీపు తోలే పనిలో కుదిరాను. ఆయన్ని అందరూ దాదా (బెంగాలీలో అన్నగారు) అనే పిలిచేవారు. ఆ జీపు యుద్ధంలో మిగిలిపోయిన సరుకు. ఏ సైన్యం తరఫున పోరాడిందో తెలీదు గానీ, ఓడిపోయిన పక్షమేనని నా అనుమానం.

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనక వరసలో బాయిలర్ మావ ఉండేవాడు. అమ్మకి వరసకి అన్న. బాయిలర్ షాపులో రివిట్ల మీద సుత్తి దెబ్బలు విని విని ఆయన చెవులు ముప్పాతిక వంతు రైల్వేకి సమర్పించేశాడు. తనకి వినపడదు కాబట్టి లోకానికీ వినపడదని ఆయన నమ్మకం. ఇంట్లో కూర్చుని ఉప్పందుకోమంటే పక్క వీధివాళ్ళు ఉప్పు పట్టుకొచ్చేవారు. ఇంజిన్లో ఎక్కడ ఆవిరి కారినా సీలు వేసి ఆపడం ఆయన వృత్తి. వృత్తేమిటి, వ్రతం. ఇంట్లో అన్నం గిన్నె మూత కింద ఆవిరి పోతున్నా ఆయనకి అభిమానం దెబ్బతినేది.

ఆయనకో కూతురు. నేను జీపు మీద వాళ్ళ గుమ్మం ముందు (అవసరం లేకపోయినా) వెళుతుంటే, చీపురు పట్టుకుని నిలబడి, “ఏటి బావా, నీ బండి పట్టాలు దొంగలెత్తుకుపోనారా?” అనేది. చదువుకున్నవాళ్ళు కళ్ళు చూసి పడిపోతారట. నేను ఆ మాటకి పడిపోయాను.

అమ్మ వెళ్ళి సంబంధం మాట కదిపింది. మావ నన్ను మొదట్నించీ అల్లుడా అనే పిలిచేవాడు గానీ, అది వరస, వాగ్దానం కాదు. ఆలోచించి, వీధి వీధంతా వినేలా తీర్పు చెప్పాడు. “పిల్లడు మంచోడే సెల్లీ. గాని ఆవిరి నేని బండి తోల్తన్నాడు. అదేటి బండో, ఆడేటి డ్రైవరో, ఓపాలి ఎక్కి సూస్తాను. ఆ మీద మాటాడదాం.”

కార్తీకమాసం వచ్చింది. కాఁసాయి నది ఒడ్డుకి వనభోజనానికి వాళ్ళని జీపులో నేనే తీసుకెళతానన్నాను. దాదాని బతిమాలితే ఆదివారానికి బండిచ్చాడు. ఇస్తూ, “గాడీ ఠీక్‌ఠాక్ ఫేరొత్ ఆన్‌బి,” అన్నాడు. బండిని క్షేమంగా తిరిగి తెమ్మని. తేకపోతే నన్ను కూడా రావద్దన్నది ఆయన కళ్ళలో ఉంది. అంటే లెక్క ఇదీ: బండి పాడైతే పని పోతుంది, పని పోతే పిల్ల పోతుంది. మావకి కోపమొస్తే పని ఉన్నా పిల్ల పోతుంది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. కొత్త తెల్ల లాల్చీ తొడుక్కుని మావ ముందు సీట్లో, రైలింజిన్ తనిఖీకి వచ్చిన అధికారిలా కూర్చున్నాడు. వెనక అత్త, అత్త ఒడిలో మూతికి పాత చీరముక్క కట్టిన ఇత్తడి పులిహోర గుండ, పక్కన ఆవిడ (అప్పటికింకా ‘ఆవిడ’ కాలేదు, నోటికి అలవాటైపోయింది). ఊరు దాటి పొలాల మధ్య మిడ్నాపూర్ రోడ్డెక్కామో లేదో, బానెట్లో ‘ఫట్’మంది. నా గుండెల్లో అంతకంటే పెద్దగా అంది. ఫ్యాను బెల్టు తెగింది! ఇంజిన్ వేడిని లాగడానికి ముందు నీళ్ళ రేడియేటరు, దాని వెనక గాలి లాగే పంకా, నీళ్ళని తిప్పే పంపు. ఈ రెంటినీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. అది తెగితే పంకా ఆగుతుంది, నీళ్ళు మరుగుతాయి. కాసేపటికే బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది.

నేను బండి ఆపి దిగాను. మావ కూడా దిగాడు. ఆయన మొహం చూడాలి! పురిటిగదిలోంచి మగపిల్లాడన్న కబురు విన్నవాడిలా వెలిగిపోతున్నాడు.

“ఒరే అల్లుడా! దీనికీ ఆవిరుందిరా! నాకు సెప్పనేదేటి?”

“మావా, అది ఉండకూడదు మావా. పంకా ఆగిపోనాది.”

“ఆగిపోనీ. పొయ్యికి ఇసిరితే మంట రేగుతాది గాని సల్లారుతాదేటిరా? నిప్పు కాడ పంకా పెట్టినోడికి బుద్ధి నేదు. ఆగిపోనాది గాబట్టే పెజరొచ్చింది.”

ఇంజనీరింగ్ చదివిన ఎవరైనా దీనికి జవాబు చెప్పగలరు. నేను ఎనిమిది తప్పినవాణ్ణి. పైగా వెనక సీట్లో జవాబుకంటే ముఖ్యమైన మనిషి కూర్చుని ఉంది. “అవును మావా,” అన్నాను.

ఆ ‘అవును’తో ఆయన లాల్చీ చేతులు మడిచి బానెట్ ఎత్తాడు. రేడియేటరు మూత పక్కనున్న సన్నగొట్టంలోంచి ఆవిరి బుసకొడుతోంది. దాన్ని చూసి, “ఛీ ఛీ, లీకు! ఎవడ్రా దీన్ని పాసు సేసినోడు?” అని రోడ్డుపక్క వేపపుల్ల విరిచి, పళ్ళతో చెక్కి, ఆ గొట్టంలో బిగించి రాయితో కొట్టాడు. మూత మీద తడి గోనెపట్టా చుట్టి తాడుతో కట్టాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేర్చిన పనితనమంతా ఆ బిరడాలో పెట్టాడు. చక్కగా, నిక్కచ్చిగా, చావుకి సిద్ధంగా ఉంది.

అప్పుడే కూరగాయల బుట్టతో సైకిల్ మీద పోతున్న బెంగాలీ ఒకాయన కాలు నేలకి ఆనించి, “ఓ దాదా, ఎటా గాడీ, నా ఇంజిన్?” అన్నాడు. ఇది మోటారా, రైలింజినా అని. మావ ఛాతీ ఉబ్బింది. “ఇంజినే!” అన్నాడు. ఆ కేకకి సైకిలాయన బుట్ట సర్దుకుని త్వరత్వరగా వెళ్ళిపోయాడు.

“తియ్యి బండి,” అన్నాడు మావ నాతో.

తీశాను. స్టీరింగు కూడా వేడెక్కినట్టనిపించింది (వేడి నాలో ఉందేమో). వెనకనించి సన్నగా, “బావా, మాడిపోతన్న కంపొస్తంది,” అంది ఆవిడ. “పులిహోరలో ఇంగువేమో,” అన్నాను. “ఇంగువ నేనేసినాను. నాకు తెల్దా?” అంది.

మరో ఫర్లాంగు వెళ్ళాం. అప్పుడు పేలింది. మూత ఎగిరి లోపల్నించి బానెట్‌ని గుద్దింది, గోనెపట్టా చిరిగింది, తుప్పునీళ్ళు ముందు జాలీలోంచీ పక్క సందుల్లోంచీ ఎర్రగా విరజిమ్మాయి. అద్దం మీదుగా కాసిని చుక్కలు వచ్చి మావ తెల్ల లాల్చీ మీద వాలాయి. దేవుడి దయ, అప్పటికి వేడి చచ్చింది. నేను ఇంజిన్ ఆపేశాను. అత్త పులిహోర గుండని కౌగిలించుకుని దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తోంది. మావ మాత్రం పరమానందంగా, “సేఫ్టీ వాల్వెత్తింది! సూసినావా, ఎంత పెజరో!” అంటూ దూకాడు. “నీళ్ళు అయిపోనాయి గాని బండికేం నేదు. నీళ్ళు పోసి పోదాం!” అని తాగే నీళ్ళ బిందె ఎత్తుకుని బానెట్ దగ్గరికి పరిగెత్తాడు.

అప్పుడు నాకేమయిందో ఇప్పటికీ తెలీదు. లోపల నీటిచుక్క లేకుండా ఎండి కాలుతున్న ఇంజిన్లో ఆ చన్నీళ్ళు పడితే బ్లాకు పగులుతుంది. అది పగిలితే ఇంక బెల్టుతో పని లేదు, నాతోనూ లేదు. బిందెకీ రేడియేటరుకీ మధ్య నిలబడ్డాను.

“ఒద్దు మావా.” వినపడలేదు. బిందె ముందుకి వచ్చింది.

“ఒద్దు మావా!” వినపడలేదు. నన్ను పక్కకి తోశాడు.

ఇంక నా గొంతులో ఉన్నదంతా తీసి అరిచాను. “నువ్వు తప్పు మావా! నీకు తెల్దు! ఎండిపోయి కాల్తంది, సన్నీళ్ళు పోస్తే బద్దలైపోతాది!”

పొలంలో వరి కోస్తున్నవాళ్ళు నడుం ఎత్తి చూశారు. అత్త దేవుళ్ళని పిలవడం ఆపేసింది. మావ చేతిలో బిందె అలాగే ఆగింది. ఎర్రబడ్డ బాయిలర్లో చన్నీళ్ళు పొయ్యకూడదన్నది ఆయన కొత్తగా చేరిన ప్రతివాడికీ చెవి మెలేసి చెప్పే మొదటి పాఠం. దాన్ని ఆయనకే ఎవరో రోడ్డు మీద అరిచి అప్పజెప్పడం అదే మొదటిసారి. బిందె దించాడు. నావైపు చూడలేదు. వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు.

పిల్ల పోయిందనుకున్నాను.

ఇంజిన్ చల్లారాలంటే కూర్చోక తప్పదు. అందుకని మా వనభోజనం ఆ రోడ్డుపక్కనే జరిగింది. వనానికి బదులు ఒక వేపచెట్టు, నదికి బదులు నీళ్ళ బిందె. మావ విస్తట్లో పులిహోర అలాగే ఉంది.

“ఏటయ్యా, ఒగ్గేసినావు?” అంది అత్త.

మావ నన్ను పిలిచాడు. తన లెక్కలో అది గుసగుస. కోతవాళ్ళు మళ్ళీ నడుం ఎత్తారు. “పుల్ల కొట్టినప్పుడే తెలుసునేటి, పేల్తాదని?”

“తెలుసు మావా.”

“మరెందుకు సెప్పనేదు?”

“సెబితే పిల్లనియ్యవని…”

వెనక నించి ఒక నవ్వు వినపడి, దగ్గుగా మారింది. మావ చాలాసేపు తల ఊపాడు. “పేలిపోయీదాన్ని సూసి నోరుమూసుకున్నోడు మా షాపులో మనిషి కాదురా. నువ్వు మూసుకున్నావు. ఆ మీద తెరిసినావు. నువ్వు సగం మనిషివి.”

“అయితే సగం పిల్లనిస్తావేటి?” అంది అత్త, అప్పడం విరుస్తూ.

మావ నవ్వాడు. ఆయన నవ్వితే చెట్టు మీద కాకులు లేచిపోయాయి. “పిల్లని మొత్తం తీసుకెల్లమను. మిగతా సగం ఆడు తరవాత తెచ్చుకుంటాడు.”

ఇంక బెల్టు. ఆవిడే గుండకి కట్టిన చీరముక్క విప్పి, మూడు పాయలు చీల్చి, నీళ్ళలో తడిపి, మోకాలికి తన్నిపెట్టి జడ అల్లినట్టు బిగించి అల్లింది. నేను ముడేసి కప్పీల మీద ఎక్కించాను. చల్లారిన రేడియేటరులో బిందెలో మిగిలిన నీళ్ళు ఈసారి నన్నడిగి మావే పోశాడు. పంకా తిరిగింది. కుంటుతూ, ఆగుతూ, పులిహోర వాసన విసురుతూ తిరిగింది. నది చూడకుండానే ఇంటికొచ్చేశాం. మర్నాడు దాదా బానెట్ ఎత్తి ఆ పసుపుపచ్చ జడ చూసి, “కే బానాలో?” అన్నాడు. ఎవరు చేశారని. నేను తల దించుకున్నాను. ఆయన నా చెవులు ఎర్రబడటం చూసి, బానెట్ మెల్లగా మూసి, “బియే కొరే ఫేలో,” అన్నాడు. పెళ్ళి చేసేసుకో అని. మాఘమాసంలో చేసేసుకున్నాను.

మావ ఉన్నన్నాళ్ళూ, నేను గడప తొక్కగానే వీధంతా వినేలా, “మిగతా సగం ఒచ్చిందేటిరా?” అనేవాడు. “దార్లో ఉంది మావా,” అని నేనూ అరిచేవాణ్ణి. ఇప్పుడు మావ వయసు నేనూ దాటాను. ఆ ప్రశ్న వేసేవాళ్ళు ఎవరూ లేరు. మొన్న ఒకరోజు ఉండబట్టలేక మా ఆవిణ్ణే అడిగాను, “నిజం చెప్పవే, నాకు ఆ సగం వచ్చినట్టేనా?” అని. ఆవిడ కూర కలుపుతూ, తల తిప్పకుండానే, “ఉన్న సగానికే ఒండి పెట్టలేక సస్తన్నాను. అదొస్తే ఎవులు ఒండుతారు? ఎక్కడున్నాదో అక్కడే ఉండనీ,” అంది.

అక్కడే ఉంది కాబోలు. మిడ్నాపూర్ రోడ్డు మీద, బిందెకి అడ్డంగా చేతులు చాపుకుని, ఇరవయ్యేళ్ళ గొంతుతో అరుస్తూ.