బస్సు దిగని అత్తగారు

ఆమె స్కూలు యూనిఫాంలు కుట్టే దర్జీ. నోరున్న మనిషని పేరు. వేసవి సెలవుల్లో అత్తగారిని అడవి పార్కుకు తీసుకెళ్లింది. జింకల మందను కళ్లారా చూడాలని అత్తగారికి ఎన్నాళ్లుగానో కోరిక.

గేటు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఎండకు మాడు పగిలిపోతోంది. లోపలికి తీసుకెళ్లే బస్సు కోసం కట్టిన క్యూ ఎంతకీ కదలడం లేదు.

“కాస్త దారివ్వండి బాబూ! మా అత్తయ్యకు కాళ్లు చచ్చుబడ్డాయి, నిలబడలేరు,” అని దర్జీ గట్టిగా అరిచింది.

జనం పక్కకు తప్పుకున్నారు. బస్సులో చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన లేచి తన సీటు ఇచ్చాడు. గుండ్రాయిలాంటి అత్తగారు కుంటుకుంటూ వెళ్లి కూర్చుంది.

చెరువు దగ్గర బస్సు ఆగగానే జింకలను చూడటానికి అందరూ దిగసాగారు.

“దిగండి అత్తయ్యా.”

“ఎలా దిగనమ్మా? ఆ పెద్దాయన చూస్తే నీ పరువేం కాను? నువ్వెళ్లి చూసిరా,” అంది అత్తగారు మెల్లగా.

దర్జీకి తల కొట్టేసినట్టయింది. కర్ర పోటేసుకుంటూ మెట్లు దిగుతున్న ఆయనకు నిజం చెప్పేయాలనుకుంది. నోరు పెగల్లేదు. కొలిమిలా ఉన్న బస్సులో అత్తగారి పక్కనే కూర్చుని పార్కు మ్యాపుతో విసరసాగింది. కిటికీలోంచి ఇద్దరికీ జనం వీపులే కనబడ్డాయి.